ఇంటివారికీ మేస్త్రీకీ మధ్య లెక్క ఎక్కడ తప్పుతోంది?

అనకాపల్లి జిల్లా చోడవరంలో ఇల్లు మొదలుపెట్టేవాళ్లు ముందుగా అడిగే మాట "మంచి మేస్త్రీ ఎవరైనా ఉన్నారా?" అని. బావమరిది ఒక పేరు చెబుతాడు. సిమెంటు కొట్టాయన ఇంకో పేరు చెబుతాడు. ప్లాను గీసినాయన మూడో పేరు చెబుతాడు. రెండో ప్రశ్న "అడుగుకి ఎంత?" ఈ రెంటికీ జవాబు దొరికితే చాలు, బయానా చేతులు మారుతుంది, మంచిరోజు చూసి శంకుస్థాపన అయిపోతుంది.

చక్కెర ఫ్యాక్టరీకి చెరకు తోలే రైతు కాటా చూసుకోకుండా బండి దించడు. అనకాపల్లి మార్కెట్‌లో బెల్లం దిమ్మ తూకం పడకుండా చేతులు మారదు. ఇదే రైతు బతుకంతా కూడబెట్టి ఒక్కసారి కట్టుకునే ఇంటికి మాత్రం కొలత ఎక్కడి నుంచి ఎక్కడికో అడగడు. మంచి మేస్త్రీ దొరకలేదని బాధపడేవాళ్లలో చాలామందికి నిజానికి దొరకనిది మేస్త్రీ కాదు, కాటా.

కొలతతోనే మొదలుపెడదాం. బయటి గోడ నుంచి బయటి గోడకు 25 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు ఉన్న ఇల్లు అనుకోండి. గుణిస్తే 1,000 చదరపు అడుగులు. చుట్టుగోడ 9 అంగుళాల మందమైతే లోపలి కొలత 23.5, 38.5 అడుగులు, అంటే దాదాపు 905 చదరపు అడుగులు. మధ్య గోడలు తీసేస్తే ఇంకా తగ్గుతుంది. పైన శ్లాబు నాలుగు వైపులా అడుగున్నర చొప్పున బయటికి వస్తే 28, 43 అడుగులు, అంటే 1,204 చదరపు అడుగులు. ఇల్లు ఒకటే, కొలతలు మూడు.

సామానుతో కలిపి అడుగుకి 1,800 రూపాయలని అనుకుందాం. రేటు సామానును బట్టి, ఏడాదిని బట్టి మారుతుంది; ఇది లెక్క కోసం తీసుకున్న అంకె మాత్రమే. గోడ కొలత ప్రకారం ఇంటికి 18,00,000. శ్లాబు కొలత ప్రకారం 21,67,200. తేడా 3,67,200 రూపాయలు. ఇప్పుడు ఇంకో మేస్త్రీ వచ్చి "నేను 1,600కే కట్టేస్తాను" అన్నాడనుకోండి. ఇంటాయన సంతోషించి ఒప్పుకున్నాడు. ఆయన చెప్పింది శ్లాబు కొలతకి. 1,204ని 1,600తో గుణిస్తే 19,26,400. తక్కువ రేటు చెప్పినాయన దగ్గర 1,26,400 ఎక్కువైంది. ఇందులో ఎవరూ అబద్ధమాడలేదు. ఒకరు ఒక కొలత అనుకున్నారు, రెండోవారు ఇంకొకటి అనుకున్నారు. గొడవ మాత్రం చివరి బిల్లు నాడు వస్తుంది, అప్పటికి ఇద్దరి మధ్యా మాటలుండవు.

అందుకే పది మందిని రేటు అడిగి వచ్చినా ఉపయోగం లేదు. ముగ్గురిని పిలిచి ఒకే కాగితం చేతికిచ్చి, ఒకే కొలతకు, ఒకే సామానుకు రేటు చెప్పమనాలి. పునాది ఎంత లోతు, బేస్‌మట్టం ఎంత ఎత్తు, ఇటుకా సిమెంటు బ్రిక్కా, తలుపులు ఏ కర్ర, అటకలు ఎన్ని, నీళ్ల ట్యాంకు లెక్కలో ఉందా లేదా. ఇవి రాశాక చెప్పిన రేట్లనే పక్కపక్కన పెట్టి చూడగలం.

ఇక సామాను. 12 ఎంఎం ఊచ 12 మీటర్ల పొడవుంటే సుమారు 10.66 కిలోలు తూగాలి. ఇదేమీ ఇంజినీర్ల రహస్యం కాదు. ఊచ మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని దాంతోనే గుణించి 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది. 12ని 12తో గుణిస్తే 144, దాన్ని 162తో భాగిస్తే 0.889. అలాగే 8 ఎంఎం ఊచ నిండు పొడవుకు 4.74 కిలోలు, 10 ఎంఎం అయితే 7.4, 16 ఎంఎం అయితే 18.96. భారతీయ ప్రమాణం ఐఎస్ 1786 ప్రకారం 12 ఎంఎం ఊచ ఒక్కోదానిలో 6 శాతం వరకు తరుగు ఒప్పుకుంటారు. అంటే ఏ ఊచా 10 కిలోలకు తగ్గకూడదు. లారీ దిగిన రోజున రెండు ఊచలు తీసి, వంచి కట్టకట్టి, పక్క కొట్లో కాటా మీద పెట్టడానికి పది నిమిషాలు పడుతుంది. ఊచలు లెక్కబెట్టి కొన్నవాళ్లకీ, తూకానికి కొన్నవాళ్లకీ తేడా అక్కడే తెలుస్తుంది.

శ్లాబు రోజున ఇంకో లెక్క ఉంది. మన 1,204 అడుగుల శ్లాబు 5 అంగుళాల మందమైతే సుమారు 502 ఘనపుటడుగుల కాంక్రీటు, అంటే 14.2 ఘనపు మీటర్లు. ఎం20 కాంక్రీటుకు, అంటే ఒక పాలు సిమెంటు, ఒకటిన్నర పాళ్లు ఇసుక, మూడు పాళ్లు పిక్క కలిపితే, ఘనపు మీటరుకు దాదాపు 8 బస్తాలు పడతాయి. మొత్తం 110 నుంచి 115 బస్తాలు. దూలాలకు వేరే. సాయంత్రానికి ఖాళీ బస్తాలు ఎనభైయే లెక్క తేలితే ఏదో తగ్గినట్టే. మందం తగ్గిందా, సిమెంటు తగ్గిందా అన్నది అక్కడికక్కడే అడగాలి. శ్లాబు ఆరాక అడిగితే జవాబు చెప్పేవాళ్లు ఉండరు.

సెంట్రింగ్ గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి, ఎందుకంటే మంచి మేస్త్రీలు కూడా తొందరపడేది ఇక్కడే. కాంక్రీటు పనికి ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం, మామూలు సిమెంటు వాడితే, నాలుగున్నర మీటర్ల లోపు వెడల్పున్న గదుల శ్లాబు కింద పోట్లు కనీసం 7 రోజులుండాలి. అంతకంటే పెద్ద గదులైతే 14 రోజులు. ఆరు మీటర్లు దాటిన దూలాలకు 21 రోజులు. ఇప్పుడు ఎక్కువగా వాడుతున్న పీపీసీ లాంటి మిశ్రమ సిమెంట్లకు నీళ్లు పెట్టడం కూడా కనీసం 10 రోజులు, 14 అయితే మేలని అదే ప్రమాణం చెబుతోంది. కానీ సెంట్రింగ్ సామానుకు అద్దె పెరిగేది రోజులను బట్టి. ఆ అద్దె మేస్త్రీ జేబులోంచి పోతుంటే, నాలుగో రోజునే పోట్లు లాగేయాలన్న ఆత్రం ఆయన తప్పు కాదు, ఒప్పందంలో ఉన్న తప్పు. "ఇన్ని రోజులు ఉంచాలి, ఆ అద్దె రేటులో కలిసే ఉంది" అని ముందే రాసుకుంటే ఆ ఆత్రం ఉండదు.

ఇప్పుడు డబ్బు సంగతి. మోసపోయామనేవాళ్ల కథలన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి: పని కంటే డబ్బు ముందు నడిచింది. 18 లక్షల ఇంటికి శంకుస్థాపన నాడు 30 శాతం, బేస్‌మట్టం లేస్తుండగా ఇంకో 20 శాతం ఇచ్చేశారనుకోండి. 9 లక్షలు వెళ్లిపోయాయి. బేస్‌మట్టం వరకు జరిగిన పని విలువ ఓ 15 శాతం అనుకుంటే 2,70,000. ఆ రోజు మేస్త్రీ ఇంకో ఊళ్లో పని ఒప్పుకుని వెళ్లిపోతే ఇంటాయన 6,30,000 పోగొట్టుకున్నట్టే. దుర్మార్గుడే కానక్కర్లేదు; నాలుగు ఇళ్లు ఒకేసారి ఒప్పుకుని, ఒక ఇంటి బయానాతో ఇంకో ఇంటి కూలీ ఇచ్చుకునే మేస్త్రీ ఎవరైనా చివరికి ఇక్కడికే వస్తాడు.

అదే ఇంటికి నేనైతే ఇలా రాస్తాను. బయానా 5 శాతం, 90,000. బేస్‌మట్టానికి 15 శాతం, 2,70,000. లెంటల్ వరకు గోడలకు ఇంకో 2,70,000. శ్లాబుకు 20 శాతం, 3,60,000. లోపలా బయటా పూతకు 2,70,000. తలుపులు, గచ్చు పనికి 2,70,000. కరెంటు, పైపులు, రంగులకు 1,80,000. మిగిలిన 90,000 ఒక వానాకాలం గడిచాక. ఏ రోజున చూసినా ఎవరి డబ్బు ఎవరి దగ్గర ఎక్కువగా ఇరుక్కోకూడదన్నదే ఇందులో సూత్రం.

ఇక్కడ మేస్త్రీ వైపు లెక్క కూడా చూడాలి. అది చూడని సలహా ఏదీ చోడవరంలో నిలవదు. ఇద్దరు తాపీ పనివాళ్లకు రోజుకు 900 చొప్పున, నలుగురు కూలీలకు 600 చొప్పున అనుకుంటే రోజుకు 4,200, ఆరు రోజుల వారానికి 25,200. ఇది వారం తిరిగేసరికి చేతిలో పెట్టాల్సిన డబ్బు. కూలీ ఇంట్లో పొయ్యి శ్లాబు బిల్లు కోసం ఆగదు. బేస్‌మట్టం లేవడానికి నాలుగు వారాలు పడితే లక్ష రూపాయలు కూలీకే మేస్త్రీ చేతి నుంచి పెట్టుకోవాలి, సామాను అప్పు వేరే. ఆ అప్పు మీద వడ్డీ చివరికి రేటులోకే వస్తుంది. అందుకని కొట్టు బిల్లు ఇంటివాళ్లే నేరుగా కట్టి, కూలీ వారం వారం ఇచ్చి, ఆ మొత్తాన్ని దశ బిల్లులో మినహాయించుకోవడం ఇద్దరికీ మంచిది. చివర్లో ఆపే 90,000 మేస్త్రీకి మిగిలే దానిలో పెద్ద వాటా కావచ్చు. దాన్ని ఏ తేదీన, ఏ లోపం లేకపోతే తిరిగిస్తారో రాయకుండా ఆపడం అన్యాయం.

ఇంకొకటి, "పనిలో పనిగా ఇక్కడో అర పెట్టెయ్, అక్కడో అరుగు కట్టెయ్" అనే మాట. ఇంటివాళ్లకు అది చిన్న మాట. మేస్త్రీకి అది అర రోజు పని, రెండు బస్తాల సిమెంటు. ఏ రోజు చెప్పిన అదనపు పని ఆ రోజే నోట్‌బుక్కులో రాసి, రేటు వేసి, ఇద్దరూ సంతకం పెడితే చివరి రోజు గొడవల్లో సగం ఉండవు.

పేరు చెప్పేవాడికి ఎవరు డబ్బిస్తున్నారు?

మేస్త్రీకీ ఇంటివారికీ మధ్య ముడి వేసేవాళ్ల సంగతి ఇది. కొట్టాయన పంపిన మేస్త్రీ ఆ కొట్లోనే సామాను కొనమంటాడు. మేస్త్రీ పంపిన ఇంటాయన వల్ల కొట్టాయన మేస్త్రీకి ఎంతో కొంత ముట్టజెబుతాడు. ఇది ఎక్కడా బిల్లులో కనబడదు. ఫోన్ యాప్‌లలో ఇదే పని ఇంకో రూపంలో జరుగుతుంది. ఇంటివారి ఫోన్ నంబరును నలుగురైదుగురు పనివాళ్లకు అమ్ముతారు, లేదా పని మొత్తంలో వాటా తీసుకుంటారు.

నంబరు అమ్మే పద్ధతి ఎంతవరకు వస్తుందో చిన్న లెక్కతో చూడొచ్చు. ఒక్కో నంబరు 300 రూపాయలు, ఎనిమిది నంబర్లకు ఒక పని దొరుకుతుందనుకుంటే, ఆ ఒక్క పని కోసం 2,400 ఖర్చు. శ్లాబు కారుతుంటే చేసే 6,000 రూపాయల మరమ్మతుకు ఇది ఎలా గిట్టుబాటవుతుంది? వాటా పద్ధతి కూడా అంతే. 6,000లో 20 శాతం అంటే 1,200. సామానుకు 2,500 పోగా మిగిలిన 3,500 కూలీలో మూడో వంతు దాటి పోయినట్టు. ఆ డబ్బు ఎక్కడి నుంచో ఊడిపడదు. రేటు పెరుగుతుంది, లేదంటే పని తగ్గుతుంది. 2023లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్, ఇళ్ల పనివాళ్లకు ఇలా నంబర్లు అమ్మిన హోమ్ అడ్వైజర్ సంస్థ వాటి నాణ్యత గురించి తప్పుదారి పట్టించిందన్న ఆరోపణపై 72 లక్షల డాలర్ల వరకు చెల్లించేలా ఆదేశం తెచ్చింది. అక్కడ నష్టపోయామన్నది ఇంటివాళ్లు కాదు, చిన్న కాంట్రాక్టర్లు.

పేరు చెప్పినందుకు డబ్బు తీసుకునేవాడు మంచి పేరు కన్నా ఎక్కువ పేర్లు చెబుతాడు. నా దృష్టిలో అసలు లోపం ఇదే.

చట్టం ఎక్కడి వరకు వస్తుంది?

2016 రెరా చట్టం అపార్ట్‌మెంటు కొనేవాళ్లకు మంచి రక్షణ ఇచ్చింది. కట్టడంలో, పనితనంలో లోపం ఐదేళ్లలోపు బయటపడితే ప్రమోటరు 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. కానీ స్థలం 500 చదరపు మీటర్లు మించకపోయినా, ఇళ్లు 8 మించకపోయినా ఆ చట్టం కింద రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. 500 చదరపు మీటర్లంటే దాదాపు 598 గజాలు. చోడవరంలో రెండు వందల గజాల్లో సొంతిల్లు కట్టించుకునేవారికి ఆ ఐదేళ్ల హామీ చట్టం నుంచి రాదు, ఒప్పందంలో రాసుకుంటేనే వస్తుంది. ప్లాను గీసేవారికి లైసెన్సు కావాలి, వైరింగ్ కాంట్రాక్టరుకు లైసెన్సు కావాలి. ఆ ఇంటిని నిలబెట్టే మేస్త్రీకి మాత్రం ఏ లైసెన్సూ అడగరు.

వినియోగదారుల చట్టం మాత్రం పనికొస్తుంది. ఇల్లు కట్టడం కూడా సేవేనని సుప్రీంకోర్టు 1993లో లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో చెప్పింది. 2019 చట్టంలో "సేవ" నిర్వచనంలోనే గృహ నిర్మాణం ఉంది. చెల్లించిన మొత్తం 50 లక్షల వరకు ఉంటే జిల్లా కమిషన్‌కే వెళ్లవచ్చు. 5 లక్షల వరకు ఫీజు లేదు, 10 లక్షల వరకు 200, 20 లక్షల వరకు 400 రూపాయలు. రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. 1915 నంబరుకు ఫోన్ చేసినా దారి చెబుతారు. కానీ ఒకటి గుర్తుంచుకోవాలి: రోజుకూలీకి పెట్టుకున్న మనిషి మీ దగ్గర పనివాడు, కాంట్రాక్టుకు ఒప్పుకున్నవాడే సేవ అందించేవాడు. ఏది ఏదో చూపించే కాగితం లేకపోతే కమిషన్ ముందు నిలబడటం కష్టం.

చట్టం బలంగా ఉన్నచోట ఎలా ఉంటుందో కాలిఫోర్నియాలో ఇళ్లు కొనుక్కున్న మనవాళ్లు చెప్పగలరు. అక్కడ 1929 నుంచి కాంట్రాక్టర్లకు లైసెన్సు బోర్డు ఉంది. లైసెన్సు తీసుకునేవారు 25,000 డాలర్ల బాండు పెట్టాలి. ఇంటి మరమ్మతు పనికి బయానా మొత్తంలో 10 శాతం, లేదా 1,000 డాలర్లు, ఏది తక్కువైతే అదే. అంతకు మించి తీసుకోవడం నేరం. లైసెన్సు నంబరు కొడితే ఎవరైనా వివరాలు చూడొచ్చు.

అంత దూరం పోనక్కర్లేకుండా మన డాబా మీదే ఒక మంచి ఉదాహరణ ఉంది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం. సోలార్ పలకలు పెట్టించుకునేవారు పోర్టల్‌లో దరఖాస్తు పెట్టి, నమోదైన విక్రేతల జాబితాలోంచి తమకు నచ్చినవారిని ఎంచుకుంటారు. పని అయ్యాక విద్యుత్ సంస్థ, మన దగ్గరైతే ఈపీడీసీఎల్, వచ్చి చూసి నెట్ మీటరు పెడుతుంది. అప్పుడే రాయితీ ఇంటివారి బ్యాంకు ఖాతాలో పడుతుంది: 1 కిలోవాట్‌కు 30,000, 2 కిలోవాట్లకు 60,000, 3 కిలోవాట్లు ఆపైన 78,000. ఐదేళ్ల నిర్వహణ విక్రేత బాధ్యత. పథకంలో లోటుపాట్లు ఉండొచ్చు. కానీ ఆ వరస చూడండి. పేరు చూపించినందుకు ఎవరూ కమీషన్ తీసుకోరు, ఎంపిక ఇంటివారిది, చివరి కొలత ఇద్దరిలో ఎవరికీ చెందని మూడో మనిషిది.

ఇంటి పనికీ ఆ మూడో మనిషి కావాలి. ప్రభుత్వ ఇళ్లకు ఈ ఏర్పాటు ఉంది. 2022 ఏప్రిల్ 28న చోడవరానికి పొరుగునున్న సబ్బవరం మండలం పైడివాడ అగ్రహారంలో విశాఖ నగర పేదలకు ఇళ్ల పట్టాలు పంచినప్పుడు ఇంటికి ఇచ్చిన సాయం 1,80,000. అది బేస్‌మట్టం, పైకప్పు అంటూ దశలవారీగా, పని చూశాకే విడుదలయ్యేది. సొంత డబ్బుతో కట్టుకునేవారికి ఆ మాత్రం చూపు కూడా లేదు. పునాది, శ్లాబు, పూత, ఈ మూడు రోజులకు ఒక డిప్లొమా ఇంజినీరును పిలిచి, వచ్చినందుకు రోజుకు 2,000 ఇచ్చినా 6,000 అవుతుంది. 18 లక్షల్లో అది ఒక శాతంలో మూడో వంతు.

ఇక నమ్మకమైన పేర్లు ఎక్కడ దొరకాలి? నా అభిప్రాయంలో యాప్‌లో కాదు, మేస్త్రీల సొంత సంఘంలో. కేరళలో కోళికోడ్ జిల్లా వడకర దగ్గర 1925లో వాగ్భటానంద గురువు ప్రేరణతో 14 మంది కూలీలు కలిసి ఉరళుంగల్ కార్మిక సహకార సంఘం పెట్టుకున్నారు. మూలధనం ఆరణాలు, నేటి లెక్కలో 37 పైసలు. వందేళ్ల తర్వాత అదే సంఘం వేల మంది కార్మికులతో రోడ్లు, వంతెనలు కడుతోంది. పని చెడితే సంఘం పేరు చెడుతుంది కాబట్టి పక్కవాడి గోడ తిన్నగా ఉందో లేదో వాళ్లే చూసుకుంటారు.

సహకారం చోడవరానికి కొత్త కాదు. గోవాడ చక్కెర ఫ్యాక్టరీ రైతుల సహకార సంఘమే. దాని కష్టాలు కూడా ఈ ప్రాంతం వాళ్లకు తెలుసు, కాబట్టి సంఘం పెడితే చాలు అన్నీ సర్దుకుంటాయని నేను అనను. కానీ మేస్త్రీల సంఘానికి మిల్లూ యంత్రాలూ అక్కర్లేదు. ఒక రిజిస్టరు కావాలి: ఏ మేస్త్రీ, ఏ ఊళ్లో, ఏ ఏడాది, ఎవరి ఇల్లు కట్టాడు, ఫిర్యాదు వస్తే ఎన్ని రోజుల్లో సరిచేశాడు. కొత్తగా కట్టించుకునేవారు ఆ ఇళ్లకు వెళ్లి చూసి రావచ్చు. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుపానుకు తట్టుకుని నిలిచిన ఇల్లు కట్టిన మేస్త్రీకి అంతకు మించిన సిఫారసు ఎవరివ్వగలరు? సంఘం నుంచి వచ్చే ఒప్పంద పత్రం అందరికీ ఒకటే ఉండాలి. కొలత ఎక్కడి నుంచి ఎక్కడికో మొదటి వాక్యంలోనే ఉండాలి. రేటు మాత్రం ఎవరిది వారిదే.

చోడవరం, బుచ్చెయ్యపేట, రావికమతం, మాడుగుల మేస్త్రీలకు నా విన్నపం ఇదే: ఈ పని ఎవరో బయటి కంపెనీ వచ్చి మీ పేర్లు అమ్మకముందే మీరే మొదలుపెట్టండి. 1995 నాటి ఆంధ్రప్రదేశ్ పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం ప్రకారం సంఘం నమోదుకు కావాల్సింది వేర్వేరు కుటుంబాలకు చెందిన పది మంది.